లేతకాళ్ల చీమ

లినెట్ ట్రెలోర్ ఇంట్లో ఏళ్ల తరబడి ఒక చీమ గురించి గొడవ నడిచింది. గొడవ పడేది ఇద్దరే. ఒకరు లినెట్ అక్క థిర్జా. హోబార్ట్ మ్యూజియంలో చీమల విభాగం ఆవిడదే. రెండోవాడు లినెట్ మొగుడు గారెత్. యూనివర్సిటీలో అతనూ చీమలనే చదివేవాడు. ప్రతి క్రిస్మస్‌కీ వేపిన గొర్రె మాంసం బల్ల మీదికి వచ్చేదాకా ఇద్దరూ మర్యాదగానే ఉండేవారు. తరవాత ఎవరో ఒకరు కాళ్ల రంగు మాట ఎత్తేవారు.

మా టాస్మేనియా దీవి కొండల్లో పుట్టినవాళ్లకి గెంతే చీమ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. నల్లటి ఒళ్లు, పసుపు కాళ్లు, పెద్ద పెద్ద కళ్లు. మనిషిని చూస్తే పారిపోదు, ఎదురొస్తుంది. పట్టకారు లాంటి దవడలతో చర్మం పట్టుకుని, పొట్ట వంచి తోక దగ్గరి ముల్లుతో కుడుతుంది. మేం జంపర్ అంటాం. అది కుడితే చాలామందికి ఒక రోజు మంట, రెండు రోజుల వాపు. కొందరికి మాత్రం గొంతు మూసుకుపోతుంది. లినెట్ ఆ కొందరిలో ఒకతె. ఆమెకి మొక్కల నర్సరీ ఉంది, మట్టిలో చేతులు పెట్టకుండా ఒక పూట గడవదు. చాలా ఏళ్ల కిందట గులాబీల పాదులో రెండు చీమలు కుట్టి, ఆసుపత్రికి చేరేసరికి నాడి దొరకలేదు. ఆ తరవాత ఏళ్ల తరబడి జంపర్ విషాన్నే చిటికెడు చిటికెడుగా సూదిమందుగా ఇచ్చి ఆమె ఒంటికి అలవాటు చేశారు. చివరికి డాక్టర్లు ఇక చాలన్నారు. ఆమె మళ్లీ చేతి తొడుగులు లేకుండా పని చేయడం మొదలుపెట్టింది.

ఇక వదినా మరుదుల గొడవ. ప్రపంచంలోని చీమలన్నీ శాస్త్రం లెక్కలో ఒకే కుటుంబం. ఆ కుటుంబం ఉపకుటుంబాలుగా, అవి ప్రజాతులుగా, ప్రజాతులు జాతులుగా విడిపోతాయి. జంపర్లున్న ప్రజాతి ఇంచుమించు ఆస్ట్రేలియాకే సొంతం. ఒకప్పుడు జంపర్లన్నిటినీ కలిపి ఒకటే జాతి అనుకునేవారు. తరవాత క్రోమోజోములు లెక్కపెట్టి, చూడటానికి ఒకేలా ఉన్న వాటిని అనేక జాతులుగా విడగొట్టారు. అయినా కోల్డ్ రిడ్జ్ కొండ మీద, మంచు పడే ఎత్తులో బతికే చీమల సంగతి తేలలేదు. వాటి కాళ్లు పసుపు కాదు, ఎండుగడ్డి రంగు. అది ఎత్తు వల్ల, చలి వల్ల వచ్చిన తేడా మాత్రమే, చీమ జంపరే అని థిర్జా రాసింది. కాదు, అది వేరే జాతి అని గారెత్ రాశాడు. రుజువు చేయాలంటే తాజా గూడు తవ్వి, ఇంకా పురుగు రూపంలోనే ఉన్న పిల్లల మెదడు కణాల్లో క్రోమోజోములు లెక్కపెట్టాలి. ఇద్దరూ ఆ పని ఎదుటివాళ్లు చేస్తే నమ్మరు.

ఆ క్రిస్మస్‌కి లినెట్ పళ్లేలు తీసేస్తూ తేల్చేసింది.

"ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒకే గూడు తవ్వండి. ఒకే డబ్బాలో పెట్టి తీసుకురండి. నేనూ వస్తా."

"నువ్వెందుకు?" అన్నాడు గారెత్.

"మీరిద్దరూ ఒకళ్లనొకళ్లు అదే గోతిలో పూడ్చిపెట్టుకోకుండా."

థిర్జా నవ్వలేదు గానీ కాదనలేదు.

జనవరి నెల, మా వైపు నడి వేసవి, పొగలు కక్కే ఎండ. గారెత్ పాత ట్రక్కులో కోల్డ్ రిడ్జ్ కింద అటవీ గేటు దాకా వెళ్లారు. గాలివానకి పడిపోయిన ఒక మహావృక్షం దారికి అడ్డంగా ఉంది. బండి అక్కడే వదిలి, సామాను మోసుకుంటూ ఎక్కారు. గూడు దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. సన్నటి గులకరాళ్లు చల్లిన దిబ్బ, పక్కనే వంకర తిరిగిన మంచు యూకలిప్టస్ చెట్టు. ఇద్దరు శాస్త్రవేత్తలూ సాక్సులకి టేపు చుట్టుకుని, చీమలు జారిపోయేలా బూట్ల అంచులకి పౌడరు రాసుకుని, తాపీలు పట్టుకుని వంగారు.

లినెట్ కాస్త ఎడంగా ఒక బండ మీద కూర్చుంది. ఫ్లాస్కులోంచి టీ పోసుకుంది.

"నెమ్మదిగా, కుడి పక్క గోడ కూలుతోంది," అని థిర్జా అంటోంది.

"నాకు కనిపిస్తోంది."

"కనిపిస్తుంటే తాపీ అక్కడెందుకు గుచ్చావు?"

"మొదలైంది," అని లినెట్ బండ మీద నుంచి అంది. తరవాత అదే గొంతుతో, ఏమీ జరగనట్టు, "కుట్టింది," అంది.

ఇద్దరూ తల ఎత్తారు. ఆమె మోచేతి లోపలి వైపు పట్టుకుని ఉంది. గూటికి ఎడంగానే ఉన్నా, తిండికి బయలుదేరిన ఒంటరి చీమ ఒకటి బండ ఎక్కి వచ్చింది. లినెట్ దాని మీద టీ కప్పు బోర్లించింది.

గారెత్ లేచి వచ్చాడు. "ఎలా ఉంది?"

"మంటగా ఉంది. కుడితే మంట పుట్టదా మరి? నువ్వు పోయి నీ పని చూసుకో."

"మందు తీసుకుంది కదా," అని గారెత్ థిర్జా వైపు తిరిగి అన్నాడు. "నాలుగేళ్లు పైగా తీసుకుంది. ఏం కాదు."

థిర్జా బండ దగ్గరికి వచ్చింది. కప్పు కొద్దిగా ఎత్తి, చీమని పట్టకారుతో పట్టి, మెడలో వేలాడుతున్న భూతద్దం కంటికి ఆనించింది. చూసి, కిందికి దింపి, మళ్లీ చూసింది. ఆ కాళ్లు ఎండుగడ్డి రంగులో ఉన్నాయి.

"మందు దేనికి తీసుకుంది?" అని అడిగింది.

"అదేంటి? జంపర్‌కి."

"ఇది జంపరేనా?"

గారెత్ చీమ వంక చూడకుండా అన్నాడు. "జంపరే అని రాసింది నువ్వు."

"నేనేం రాశానో నాకు తెలుసు. నువ్వేమంటావో చెప్పు."

"థిర్జా, ఇప్పుడు ఆ చర్చ..."

"చర్చ కాదు. ఇది వేరే జాతి అని ఏళ్ల తరబడి నా తల తిన్నావు. దీని విషం వేరే అయితే ఆ సూదిమందులు దీనికి అడ్డు పడతాయా?"

గారెత్ మొహం పాలిపోయింది. "విషాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. చాలావరకు ఒకటే. నువ్వు చెప్పిందే నిజమై ఉండొచ్చు. కాళ్ల రంగు ఒకటే కదా తేడా. ఒకటే జాతి అయి ఉండొచ్చు."

అతని నోట ఆ మాట వినడం థిర్జాకి అదే మొదటిసారి. ఆ మాట విన్నాకే భయం పట్టుకుందని తరవాత నాకు చెప్పింది.

"మీ ఇద్దరూ దేని గురించి మాట్లాడుతున్నారు?" అని లినెట్ అడిగింది. అరచేతులు ఒకదానికొకటి రుద్దుకుంటోంది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేస్తున్నాయి. "నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టుంది. థిర్జా, నాకిది తెలుసు. పోయినసారీ ఇలాగే మొదలైంది."

ఆమె లేవబోయింది. "పదండి, బండి దాకా నడుస్తాను."

"నడవకు." థిర్జా ఆమె భుజాలు పట్టి వెనక్కి నెట్టింది. "పడుకో. నేల మీద వెల్లకిలా పడుకో."

"నేను మోసుకెళతాను," అన్నాడు గారెత్. "ట్రక్కులో ఆమె ఆడ్రినలిన్ సూది ఉంది. డాష్‌బోర్డు అరలో. అక్కడ ఫోను సిగ్నల్ కూడా దొరుకుతుంది. ఇద్దరం పట్టుకుంటే..."

"నిలబెడితే గుండె ఆగిపోతుంది. పడుకోబెట్టి ఉంచాలి. నువ్వొక్కడివే పరిగెత్తు. ఫోన్ చేసి, ఆ సూది పట్టుకుని రా."

"ఈలోగా?"

థిర్జా తన సంచీ తలకిందులు చేసి దులిపింది. సీసాలు, దూది, కత్తెర, బ్రష్షు నేల మీద పడ్డాయి. వాటి మధ్య, ఇలాంటప్పుడు ప్రాణం నిలిపే ఆడ్రినలిన్ సూది ఒకటి. అడవిలోకి వెళ్లేటప్పుడు ఎవరికి అవసరం వస్తుందో తెలియదని ఎప్పుడూ వెంట ఉంచుకునేది. గారెత్ దాన్ని లాక్కుని చూశాడు.

"దీని గడువు చలికాలంలోనే తీరిపోయింది."

"మందు తేటగానే ఉంది. ఇలా ఇవ్వు."

"పని చెయ్యకపోతే? అసలు అవసరం లేకపోతే? ఆమె గుండె..."

"గారెత్," అంది లినెట్. నాలుక మందమై మాట ముద్దగా వచ్చింది. "థిర్జాకియ్యి."

అతను ఇచ్చాడు. థిర్జా మూత లాగి, లినెట్ తొడ మీద ప్యాంటు పైనుంచే గట్టిగా అదిమింది. క్లిక్‌మంది. అదిమిన చెయ్యి తియ్యకుండా అలాగే ఉంచి, గారెత్ వంక చూడకుండా, "ఇంకా ఇక్కడే ఉన్నావా?" అంది. అతను పరిగెత్తాడు.

లినెట్ దగ్గర మిగిలింది థిర్జా ఒక్కతే. తవ్విన గూడు వాళ్లకి మరీ దూరంగా లేదు. గోడలు కూలిన గూటిలోంచి చీమలు గుంపులు గుంపులుగా బయటికొస్తున్నాయి. వాటికి చూపు బాగా ఆనుతుంది. కదిలేది ఏదైనా సరే, దాని వైపు గెంతుకుంటూ వస్తాయి. ఇంకొక్కటి కుట్టినా ఏమవుతుందో థిర్జాకి తెలుసు. చెల్లెల్ని లేపకూడదు, అక్కడ ఉంచకూడదు. నమూనాలు పరచడానికి తెచ్చిన టార్పాలిన్ గుడ్డ లినెట్ వీపు కిందికి తోసి, దాన్ని పట్టుకుని అంగుళం అంగుళంగా లాగింది. థిర్జా అరవై దాటిన మనిషి. నడుం పట్టేసింది. బండకి అవతల గడ్డి లేని నేల దొరికేదాకా లాగి, లినెట్ కాళ్ల కింద సంచులు పేర్చి, తను చీమలకి అడ్డంగా కూర్చుంది.

కొంతసేపు మందు పని చేసింది. లినెట్ ఊపిరి తేలికపడింది.

"గారెత్ ఏమన్నాడు ఇందాక?" అని నెమ్మదిగా అడిగింది. "ఒకటే జాతి అన్నాడా?"

"అన్నాడు."

"వాడు నీతో ఒప్పుకున్నాడంటే నేను పోతున్నట్టే."

"మాట్లాడకు."

"నవ్వొచ్చే మాటే అది."

"లిన్, నోరు మూసుకుని ఊపిరి పీల్చు."

చీమలు చేరాయి. థిర్జా బూటుతో నలిపింది, తాపీతో కొట్టింది, కొన్నిటిని చేత్తోనే చిదిమింది. మణికట్టు మీద ఒకటి కుట్టింది. మెడ వెనక మరొకటి. చెయ్యి లాగేసుకుంటే చీమకి లినెట్ మొహం దగ్గరవుతుంది. అందుకని లాగలేదు. తనకి ఇంతవరకూ ఏ చీమ విషమూ వికటించలేదు. ఇకముందూ వికటించదని ఎవరూ చెప్పలేరు. ఆ ఆలోచన వచ్చింది, కానీ దాన్ని పట్టుకుని కూర్చునే తీరిక లేదు.

ఆ తరవాత మందు బలం తగ్గిపోయింది. లినెట్ పెదవులు నీలంగా మారాయి. ఊపిరి లోపలికి పోతుంటే ఈల వేసినట్టు చప్పుడు. థిర్జా నాడి పట్టుకుని చూసింది. పురుగు పాకినట్టు సన్నగా కొట్టుకుంటోంది. "లిన్," అని పిలిచింది. జవాబు లేదు. మళ్లీ పిలిచింది. కనురెప్పలు కదిలాయి, అంతే. ఇంక చేయగలిగింది ఏమీ లేక, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకున్నప్పుడు పిలిచిన ముద్దుపేరుతో పిలవడం మొదలుపెట్టింది. ఆ పేరేమిటో నాకు చెప్పలేదు.

కింద గారెత్ ఒకసారి పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. గేటు దగ్గరికి చేరి, ఒక చేత్తో డాష్‌బోర్డు అర వెతుకుతూ ఇంకో చేత్తో ఫోన్ చేశాడు. మా ఊరి స్వచ్ఛంద అంబులెన్సులో ఆ రోజు డ్యూటీ నాది. ఫోన్‌లో అతని గొంతు నాకు వినిపించలేదు గానీ, ఎమర్జెన్సీ కేంద్రం నుంచి వచ్చిన సందేశం చదివి నేనే బండి తీశాను. లినెట్ దగ్గరే మా ఇంటి నిమ్మమొక్కలు కొన్నాను. ఆమెకి చీమలు పడవని ఊళ్లో అందరికీ తెలుసు. హోబార్ట్ నుంచి హెలికాప్టరు కూడా బయలుదేరిందన్నారు. పడిపోయిన చెట్టు దగ్గర మేము దిగి, స్ట్రెచరు పట్టుకుని నడక మొదలుపెట్టాం.

గారెత్ మాకంటే చాలా ముందు పైకి చేరాడు. వచ్చేసరికి థిర్జా మెడ ఒక పక్కకి ఉబ్బి ఉంది, ఒక కన్ను సగం మూసుకుపోయింది. అతను మోకాళ్ల మీద కూలబడి సూది తీశాడు. పైమూత పట్టి లాగాడు. మూత ఊడలేదు.

"నేను చెయ్యలేను," అన్నాడు.

"చెయ్యగలవు. నా వేళ్లు వాచిపోయాయి, చూడు, వంగడం లేదు. నువ్వే చెయ్యాలి."

అతను మూత పళ్లతో పట్టి లాగాడు. రెండో తొడ మీద అదిమాడు. క్లిక్‌మంది. ఇద్దరూ ఆమె ఛాతీ వంకే చూస్తూ కూర్చున్నారు. ఛాతీ కదలలేదు. తరవాత కదిలింది. లినెట్ పెద్దగా, వికారంగా ఒక శ్వాస లాగి, పక్కకి తిరిగి వాంతి చేసుకుంది. ఆ చప్పుడంత మంచి చప్పుడు తన జీవితంలో వినలేదని గారెత్ ఇప్పటికీ అంటాడు.

మేము చేరేసరికి వాళ్లిద్దరూ ఆమెకి చెరో వైపు కూర్చుని, వచ్చే చీమని వచ్చినట్టు చంపుతున్నారు. నేను ఆక్సిజన్ పెట్టాను, సెలైన్ ఎక్కించాం. హెలికాప్టరు గడ్డి మైదానంలో దిగింది. లినెట్‌ని ఎక్కించాక డాక్టరు థిర్జా మెడ చూసి, "మీరూ ఎక్కండి," అన్నాడు. ఆవిడ గారెత్‌ని ముందుకి తోసింది. "వీణ్ణి ఎక్కించుకోండి. నేను అంబులెన్సులో వస్తాను."

దారిలో నేను ఆవిడ చేతికి ఐసు పెట్టాను. ఏ చీమ కుట్టిందని అడిగాను, కాగితం మీద రాయాలి కాబట్టి. "తెలియదు," అంది. ఆ ప్రశ్నకి ఆవిడ అలా జవాబిచ్చిందని మ్యూజియంలో చెబితే ఎవరూ నమ్మరు.

లినెట్ రెండు రోజులు ఐసీయూలో ఉండి బతికింది. మొదటి రోజు సాయంత్రం, వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నప్పుడు గారెత్ తనంతట తనే మాట్లాడాడట.

"నేను భూతద్దం లేకుండానే చూశాను. కప్పు ఎత్తగానే కాళ్లు చూశాను. వేరే జాతి అని నాకు అప్పుడే తెలుసు. కానీ నాదే నిజమైతే ఆమెకి ఏ రక్షణా లేదు. అందుకే నీది నిజమనుకుందామనుకున్నా. నిలబడి అదే అనుకుంటూ ఉన్నా."

"నేను చూశానుగా," అంది థిర్జా.

"నువ్వు లేకపోతే..."

"నేను లేకపోతే నువ్వే సూది వేసేవాడివి. కాస్త ఆలస్యంగా." కొంచెం ఆగి, "ఎంత ఆలస్యంగానో చెప్పలేను," అంది. ఆవిడది అబద్ధం చెప్పే నోరు కాదు.

లినెట్‌కి జరిగినది చీమల గొడవని తేల్చలేదు. డాక్టర్లు ఆ మాట స్పష్టంగానే చెప్పారు. మందు ఆపేసి ఏళ్లయింది కాబట్టి దాని రక్షణ తగ్గిపోయి ఉండొచ్చు. మామూలు జంపర్ కుట్టినా ఇంతే జరిగి ఉండొచ్చు. మనిషి ప్రాణం మీదికి వచ్చిందని జాతులు రెండైపోవు. అందుకని ఎండలు తగ్గకముందే ఇద్దరూ మళ్లీ కోల్డ్ రిడ్జ్ ఎక్కారు. ఈసారి లినెట్‌ని రానివ్వలేదు. నేను ఆక్సిజన్ సిలిండరుతో గేటు దగ్గర బండిలో కూర్చున్నాను, లినెట్ పట్టుబట్టి కూర్చోబెట్టింది.

కణాలు ఇద్దరూ ఒకే సూక్ష్మదర్శినిలో, ఒకరి తరవాత ఒకరు చూశారు. క్రోమోజోముల సంఖ్య తేడాగా వచ్చింది. థిర్జా ఇంకో గూడు నుంచి తెప్పించి చూసింది. మళ్లీ అదే తేడా. దవడల పళ్లు, నడుం ముడి ఆకారం కొలిచి చూస్తే అక్కడా తేడా ఉంది, ఇన్నేళ్లూ ఆవిడ కంటికి ఆననిది. కొత్త జాతి వర్ణన ఆవిడే రాసింది, ఎందుకంటే అలాంటి వర్ణన ఆవిడలా రాయగలిగేవాళ్లు లేరు. వ్యాసం మీద పేర్లు ఇద్దరివీ వేశారు. గారెత్ ఆ చీమకి లినెట్ పేరు పెడదామన్నాడు. ఆమె వంటింట్లోంచి తువ్వాలు విసిరింది. కొండ పేరే పెట్టారు.

చికిత్స మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఇప్పుడు జీవితాంతం ఆపేది లేదు. హోబార్ట్ క్లినిక్‌కి లినెట్‌ని గారెత్ తీసుకెళతానంటాడు గానీ, సూది చూస్తే అతను వణుకుతాడు. అందుకని థిర్జా తీసుకెళుతుంది. ఒకసారి వాళ్ల కారు ఖాళీ లేకపోతే నా కారులో నేనూ వాళ్లతో వెళ్లాను. నర్సు మొదటి మోతాదు ఇచ్చి, వాపు వస్తుందేమో చూడటానికి కూర్చోమంది. లినెట్ చొక్కా చెయ్యి మడుచుకుని భుజం వంకే చూసుకుంటోంది. ఆ మనిషి మొహంలో భయం నేను అప్పుడే చూశాను. కొండ మీద చూడలేదు.

"ఒకటి అడగనా?" అంది అక్కని. "ఆ రోజు నువ్వు రాసింది తప్పని ఒప్పుకోడానికి ఎంతసేపు పట్టింది?"

"ఒప్పుకోలేదు," అంది థిర్జా. "ఆ క్షణానికి నేను రాసింది నిజమనే నమ్మాను. నిజం కాకపోతే నువ్వు చచ్చిపోతావని భయమేసింది. అంతే."

నర్సు వచ్చి భుజం నొక్కి చూసి, బాగానే ఉందని చెప్పి, రెండో మోతాదుకి సూది సిద్ధం చేయసాగింది. లినెట్ చెయ్యి చాపి అక్క మోచెయ్యి పట్టుకుంది. థిర్జా పట్టుకోనిచ్చింది.